పన్నెండింటికి పోయిన టెంపర్

మా వంశంలో కోపమంతా ఆడవాళ్లకే వచ్చింది. అమ్మమ్మకి ఉండేది, అమ్మకి ఉంది, నాకైతే ముక్కు మీదే ఉంటుంది. కోప్పడటానికి నాకు పెద్ద కారణం కూడా అక్కర్లేదు, పెన్ను మూత కనపడకపోతే చాలు. మేం ముగ్గురం పంచుకున్నాక మా మావయ్యకి మిగలడానికి ఏమీ లేకపోయింది. అమ్మకి స్వయానా తమ్ముడు. ఇరవై ఆరేళ్లుగా ఉలులు చేసే కార్ఖానాలో కొలిమి దగ్గర పని. పొద్దస్తమానం నిప్పు ముందు నిలబడే ఆ మనిషిని అక్కడ అందరూ చల్లాయన అంటారు.

అలాంటి మనిషికి ఒక మెమో వెళ్లింది. కోపంతో ఒళ్లు తెలియకుండా ప్రవర్తించారని, బుధవారం మధ్యాహ్నం పన్నెండు లోపల క్షమాపణ రాసివ్వకపోతే కొలిమి నుంచి తీసి ప్యాకింగులో వేస్తామని. ఆ మెమో టైపు చేసింది నేను. టైపు చేయడమొక్కటే అయితే కొంతలో కొంత నయం. ఆ నేరం కనిపెట్టిందీ నేనే.

మావయ్య పనేమిటో చెప్తే గానీ నా నిర్వాకం అర్థం కాదు. ఆయన చేసేవి రాయి చెక్కేవాళ్ల ఉలులు. ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. కానీ మరీ గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే మొదటి దెబ్బకే మొన గాజు పెంకులా ఊడిపోతుంది. అందుకని దానికి మళ్లీ కాస్త వేడి చూపించాలి. ముందే గీకి మెరిపించి పెట్టుకున్న చోట రంగులు ఒకదాని వెనక ఒకటి మొన వైపు పాకుతూ వస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, తర్వాత వంకాయ రంగు, ఆ వెనకే నీలం. వంకాయ రంగు మొనకి చేరగానే మళ్లీ నీళ్లలో పెట్టెయ్యాలి. ఒక్క ఊపిరి ఆలస్యం చేసినా నీలం వచ్చి కూర్చుంటుంది. నీలం వచ్చిన ఉలిని రాయి మీద కొడితే రాయికేమీ కాదు, ఉలే మడత పడుతుంది.

ఇదంతా మావయ్య కంటితోనే చూస్తాడు. మీటరు లేదు, గంట లేదు. ఎండ పొడ పడకుండా కిటికీకి గోనెపట్టా కట్టుకున్నాడు. కొలిమి చుట్టూ రెండడుగుల మేర ఎవరినీ నిలబడనివ్వడు, నీడ పడితే రంగు మారి కనపడుతుందని. ఈ రంగుల పిచ్చి ఇంట్లోనూ వదల్లేదు. అత్త టీ ఇస్తే గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంకాస్త మరగాల్సింది, గడ్డి రంగులోనే దింపేశావు" అంటాడు. అదీ నవ్వుతూనే. "విసుక్కుంటూ అనొచ్చు కదా, నాకూ సమాధానం చెప్పే అవకాశం వస్తుంది" అంటుంది అత్త. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లయినా ఆయనతో ఒక్క పోట్లాట కూడా పూర్తిచేయలేకపోయానని ఆవిడ బాధ. మొదలుపెట్టేది తనే, ఆపేదీ తనే, మధ్యలో ఈయన తలూపుతూ కూర్చుంటాడు.

నాకు అక్కడి ఆఫీసులో ఉద్యోగం వచ్చింది మావయ్య మాట వల్లే. "మా మేనకోడలు ఇంగ్లీషు నీళ్లు తాగినట్టు చదివేస్తుంది" అని ఎవరూ అడక్కుండానే చెప్పాడట. ఇంగ్లీషులో వచ్చిన కాగితాలని తెలుగులో, తెలుగులో ఉన్నవాటిని ఇంగ్లీషులో రాసిపెట్టడం నా పని. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నిఘంటువు తెరవలేదు. అదంటూ ఒకటుంది, అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేదాన్ని. ఎంత పొగరో చూడండి.

ఆ శుక్రవారం, మా దగ్గర ఉలులు కొనే కంపెనీ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. కొలిమి దగ్గర గంటసేపు నిలబడ్డాడు. తర్వాత ప్యాకింగు బల్ల మీదున్న పెట్టెలోంచి ఉలులు తీసి, పెరట్లో రాళ్ల మీద కొట్టి చూసుకున్నాడు. వెళ్లేటప్పటికి మేనేజరు లేడు. ఒక చిన్న చీటీ నా బల్ల మీద పెట్టి, బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు. చీటీలో కోడి గీతల్లాంటి రాత, ఇంగ్లీషులో రెండే ముక్కలు. "టెంపర్ లాస్ట్, 12. సీ ఫర్నేస్ మ్యాన్."

సోమవారం మేనేజరు ఆ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, నాకిచ్చాడు. ఆయన వచ్చి అయిదు నెలలే అయింది. అంతకుముందు సబ్బుల కంపెనీలో చేశాడట. చెడ్డవాడేం కాదు, కానీ ప్రతిదీ కడిగినట్టు ఉండాలంటాడు, ప్రతిదీ త్వరగా తేలిపోవాలంటాడు.

"ఏం రాశాడండీ ఇందులో?"

నేను ఒక్కసారి చూశాను. ఒక్కసారే.

"కొలిమి దగ్గరాయన టెంపర్ లాస్ట్ అయ్యారట సార్. పన్నెండింటికి. ఆయన సంగతి చూడమంటున్నారు."

"ఎవరు, చల్లాయనా?"

"అలాగే రాశారు సార్."

మేనేజరు నా మొహం చూశాడు. "మీ మావయ్య కదా ఆయన?"

"అయితే ఏంటి సార్, ఆఫీసు ఆఫీసే" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకోవాలనిపిస్తుంది. సొంత మనిషిని వెనకేసుకొచ్చిందని ఎవరూ అనకూడదని నా తాపత్రయం. ఆ ఊపులో మెమో బ్రహ్మాండంగా రాశాను. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, తనిఖీకి వచ్చిన అధికారి ఎదుట, తమరు కోపమును అదుపులో ఉంచుకొనలేక అనుచితముగా ప్రవర్తించినట్లు తెలియవచ్చినది." ఆ "తెలియవచ్చినది" నా సొంతం. మేనేజరు చదివి, బాగుందని సంతకం పెట్టాడు.

మావయ్య ఆ కాగితాన్ని కొలిమి పక్కన నిలబడి చదివాడు. మసి అంటకుండా అంచులు పట్టుకుని, రెండుసార్లు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మడూ, నేను ఎవరినన్నాను?"

"నాకేం తెలుసు మావయ్యా. శుక్రవారం పన్నెండింటికి ఏం జరిగింది?"

"ఆ వచ్చినాయన మరీ దగ్గరికి వంగాడు. నీడ పడింది. కాస్త జరగండి బాబూ అని మోచెయ్యి పట్టుకుని పక్కకి జరిపాను. అదేనంటావా?"

"గట్టిగా జరిపావా?"

"రంగు వచ్చేస్తోంది కదమ్మా. కొంచెం గట్టిగానే జరిపుంటాను." మళ్లీ, "ఏమో, మొహం కూడా చిట్లించానేమో. మన మొహం మనకి కనపడదు కదా" అన్నాడు.

ఇంకొకడైతే ఆ కాగితం చించి నా మొహాన కొట్టేవాడు. ఈయన నమ్మేశాడు. నమ్మి, అక్కడితో ఆగాడా? ఒకసారి తెలియకుండా కోప్పడినవాడు ఇంకెన్నిసార్లు కోప్పడ్డాడో అని బయల్దేరాడు. ఆ సాయంత్రం ప్యాకింగు వాళ్ల దగ్గరికి వెళ్లి, "మిమ్మల్నెప్పుడైనా కష్టపెట్టే మాట అన్నానా" అని అడిగాడు. వాళ్లు ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వారు. చక్రం మీద ఉలులకి సాన పట్టే అతన్ని అడిగితే, అతను బుర్ర గోక్కుని, "అన్నావన్నా. పోయినేడు ఒకసారి, వేలు చూసుకో అన్నావు" అన్నాడు.

"గట్టిగా అన్నానా?"

"గట్టిగానే అన్నావు. లేకపోతే వేలు పోయేది."

మావయ్య అది కూడా మనసులో పెట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి మా ఇంటికొచ్చాడు. అమ్మ బట్టలు మడతపెడుతోంది. గుమ్మంలో నిలబడి, "అక్కా, నేనెప్పుడైనా నిన్ను కసురుకున్నానా?" అన్నాడు.

"ఒరేయ్, కసురుకోవడం వచ్చుంటే చిన్నప్పుడు నా చేతిలో అన్ని దెబ్బలు తినేవాడివి కాదు" అంది అమ్మ. తర్వాత తమ్ముడి మొహం చూసి, చేతిలో బట్ట పక్కన పెట్టింది. "ఎవరేమన్నార్రా?"

ఆయన మెమో తీసిచ్చాడు. అమ్మ చదివింది. చదివి నావైపు తిరిగింది. "ఇది టైపు చేసేటప్పుడు నీ చేతులు ఎలా ఆడాయే?"

"చీటీలో ఉన్నది రాశానమ్మా. కావాలంటే చూసుకో" అని నేనూ గయ్యిమన్నాను. మా ఇద్దరినీ మావయ్యే చల్లార్చాల్సి వచ్చింది. ఆయన కోపం గురించిన మెమోని చేతిలో పెట్టుకుని, మా కోపం తగ్గించి, మంచినీళ్లిచ్చి వెళ్లాడు.

అత్తకి తెలిసినప్పుడు మాత్రం ఆవిడ మొదట పగలబడి నవ్విందట. "ఆ కాగితం ఇలా ఇవ్వండి, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాను. నా మొగుడికి కోపమొచ్చిందని టైపు చేసిన రుజువు ఉంది" అంది. మావయ్య నవ్వలేదు. "ప్యాకింగులో వేస్తారట" అన్నాడు. "ఈ చేతులతో పెట్టెలు మోస్తాను, దానికేం లేదు. పొద్దున్నే వెళ్లి కొలిమి రాజెయ్యకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు." దాంతో అత్త ఎగతాళి ఆపేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఆయన నా బల్ల ముందు కూర్చుని క్షమాపణ చెప్పి రాయించాడు. "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను కోపంతో మాట తూలాను, మనిషిని నొప్పించాను. పెద్ద మనసుతో క్షమించగలరు." అంతే. టైపు చేసి సంతకానికి ముందుకి తోస్తే, కాగితం చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది మావయ్యా?"

"పెడతానులే, రేపటిదాకా టైముందిగా. ఎంత గుర్తుచేసుకున్నా ఆ కోపం నాకు గుర్తుకు రావట్లేదు. నాది కానిదాన్ని నాదని రాస్తున్నట్టుంది" అన్నాడు. కాగితం నా సొరుగులోనే పెట్టించి వెళ్లాడు.

ఆ క్షమాపణకి ఇంగ్లీషు కూడా నేనే రాయాలి, ఉలులు కొనే కంపెనీకి పంపడానికి. అక్కడ చిక్కొచ్చింది. "కోపం తెచ్చుకున్నాను" అనడానికి "టెంపర్ లాస్ట్" అని రాశాను. రాశాక ఏదో గుచ్చుకుంది. మనవాళ్లు "వాడికి టెంపరుంది" అంటే కోపిష్టి అని అర్థం. ఇంగ్లీషువాళ్లు టెంపర్ పోయిందన్నా కోపమే. ఉన్నా కోపమే, పోయినా కోపమే అయితే, అసలు టెంపర్ అంటే ఏమిటి? ఏడు నెలల్లో మొదటిసారి లేచి వెళ్లి, కిటికీకి అడ్డం పెట్టిన పుస్తకం తీసి దుమ్ము దులిపాను. కిటికీ తలుపు ఒకటే కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ మాటకి అందులో పేజీలో సగం ఇచ్చారు. మొదటి అర్థం, సరైన పాళ్లలో కలపడం. పాత లాటిన్ భాషలోంచి వచ్చిందట. ఏది ఎంత వెయ్యాలో అంత వేసి, ఎక్కువ తక్కువలు లేకుండా చెయ్యడం. బంకమట్టిని తడిపి తొక్కి, చేతికి అంటకుండా, విరక్కుండా ఉండేటట్టు చేస్తే దాన్ని టెంపర్ చెయ్యడం అంటారు. సున్నానికీ అంతే. టెంపరేచర్ కూడా ఈ ఇంటి ఆడపడుచే. మనిషి మనసులో కూడా వేడీ చలవా సరైన పాళ్లలో ఉంటాయని పూర్వం అనుకునేవారట, ఆ నిలకడకే టెంపర్ అని పేరు. అంటే మొదట్లో టెంపర్ ఉన్నవాడంటే స్థిమితంగా ఉన్నవాడు. ఆ స్థిమితం పోగొట్టుకుంటే టెంపర్ పోయినట్టు. అలా "పోయింది, పోయింది" అని కోపం పక్కనే వాడీ వాడీ, చివరికి ఆ మాటే కోపానికి పేరైపోయింది. మనం దాన్ని ఆ చివర్లో అందుకున్నాం. ఆ లెక్కన కార్ఖానా మొత్తంలో టెంపరున్న మనిషి మా మావయ్య ఒక్కడే.

చదువుతుంటే ముచ్చటేసింది. ఇంకో రెండు వరుసలు కిందికి వెళ్లాను. అక్కడ ఉంది. ఉక్కు. కాల్చి ముంచిన ఉక్కుకి మళ్లీ కాస్త వేడి చూపించి, పగలకుండా వంగకుండా తగినంత గట్టిదనానికి తేవడం. ఆ గట్టిదనం పేరు టెంపర్. అది పోతే, టెంపర్ లాస్ట్.

చీటీ తీసి మళ్లీ చూశాను. "టెంపర్ లాస్ట్, 12." పన్నెండు గంటలు కాదు. పన్నెండు ఉలులు.

పరిగెత్తుకుంటూ ప్యాకింగు గదిలోకి వెళ్లి బల్ల కింద చూస్తే, ఆ తనిఖీ ఆయన పక్కన పెట్టిన పెట్టె అలాగే ఉంది. లెక్కపెట్టాను, పన్నెండే. ప్రతిదాని మొన మీదా సుద్దముక్కతో ఇంటూ గుర్తు. ప్రతి మొనా గోటి అంచులా వంగి ఉంది.

అప్పుడు నాకు పట్టుకున్న భయం వేరు. తప్పు చదివినందుకు సిగ్గుపడొచ్చు, నాలుగు చివాట్లు తినొచ్చు. కానీ సరిగ్గా చదివితే మావయ్యకి ఏం మేలు జరుగుతుంది? తప్పు మెమోలో ఉన్నది ఒక్క నిమిషం కోపం. అసలు చీటీలో ఉన్నది ఆయన చేతి పని. చెప్పకుండా ఊరుకుంటే రేపు పన్నెండు లోపల ఒక సంతకంతో గొడవ ముగిసిపోతుంది. నిజం చెప్తున్నాను, కాసేపు ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ పెట్టె అక్కడే ఉంది, ఉలులు వంగే ఉన్నాయి. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు చూస్తారు, అప్పుడు ఆయన పక్కన నిలబడటానికి నాకు మొహం ఉండదు.

ఆఫీసు అవగానే నేరుగా మావయ్య ఇంటికి వెళ్లాను. ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని చెప్పు తెగిన చోట కుట్టుకుంటున్నాడు. అత్త లోపలుంది. నిలబడే అంతా చెప్పేశాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా.

"అంటే నేను ఎవరినీ ఏమీ అనలేదన్నమాట" అన్నాడు మొదట. మొహం ఒక్క క్షణం వెలిగింది.

"అనలేదు మావయ్యా. నాదే తప్పు. కానీ..."

"పన్నెండు ఉలులు వంగాయంటావు."

"అవును."

ఆయన సూది చెప్పుకి గుచ్చి పక్కన పెట్టాడు. ఆ మొహంలో రంగు మారడం నేను చూశాను. చిన్నప్పట్నుంచీ చూస్తున్న మొహం, అలా ఎప్పుడూ అవలేదు. "ఆ ఇంగ్లీషాయన ఏమని రాశాడో మళ్లీ చెప్పు, మన మాటలో."

"గట్టిదనం పోయిందని."

"గట్టిదనం కాదు. గట్టిదనం నీళ్లలో ముంచితే దానంతటదే వస్తుంది, దానికి నేనెందుకు?" అన్నాడు. "పదును. పదును పోయిందని రాశాడు."

పదునంటే నాకు తెలిసింది కత్తికి ఉండే వాడి ఒక్కటే. కానీ వాన వెలిశాక నేల దుక్కికి తగినట్టు తయారైతే పదునైందంటాం. కుండ చెయ్యడానికి మట్టి కుదిరితే పదునంటాం. ఎక్కువా కాదు తక్కువా కాదు, సరిగ్గా ఉండాల్సినంత. పేజీలో సగం తిన్న ఆ ఇంగ్లీషు మాటకి సరిసమానమైనది మా ఇంట్లోనే, మావయ్య నోట్లోనే ఉంది. నేను ఇంగ్లీషు నీళ్లు తాగినట్టు చదువుతానని ఊరంతా చెప్పుకున్న మనిషి, నాకు తెలుగు నేర్పాడు.

"నన్ను తిట్టు మావయ్యా" అన్నాను.

"ఎందుకమ్మా. తొందరపడ్డావు. రంగు చూడకుండా ముంచేశావు" అన్నాడు. అని లేచాడు. "పొద్దున్నే నేనొచ్చేదాకా ఆ పెట్టె ఎవరినీ ముట్టుకోనివ్వకు." ఆ సాయంత్రం అత్త భోజనానికి రెండుసార్లు పిలిచినా రాలేదట.

బుధవారం పొద్దున్న కొలిమి కూడా రాజెయ్యకుండా పెట్టె ముందు కూర్చున్నాడు. ఒక్కో ఉలినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఇనుము అరగదీసే ఆకురాయి తీసుకున్నాడు. మెత్తటి ఇనుమైతే ఆకురాయి కరుస్తుంది, పదునున్న ఉక్కు మీదైతే జారిపోతుంది. మొన మీద ఆడిస్తే పట్టుకుని కరకరమంది. అరంగుళం వెనక ఆడిస్తే నున్నగా జారింది. పన్నెండూ అలాగే ఉన్నాయి.

"వెనకంతా నేను పెట్టినట్టే ఉంది. మొనే కాలింది" అన్నాడు. "నా దగ్గర కాలితే మొత్తం మెత్తబడాలి. ఇది నా దగ్గర్నుంచి పోయాక జరిగింది."

మొన పక్కన చూడమని నాకు చూపించాడు. వెలుతురులో వంచి పట్టుకుంటే సన్నటి దారం మందాన నీలం గీత. నాకంటే ముందు ఆ గీతని, పక్కనే నిలబడ్డ సాన పట్టే అతను చూశాడు. చూసి తల దించుకున్నాడు. "చక్రం మీద నీళ్లు పడట్లేదన్నా. గురువారం నుంచి కట్టేశారు. నేల తడిగా ఉంటోందని, జారిపడతారని, మేనేజరుగారే ఆపించారు. మొన వేడెక్కుతుందని చెప్పాను. జాగ్రత్తగా పట్టమన్నారు."

నీళ్లు లేకుండా తిరిగే చక్రానికి ఉలి ఆనిస్తే క్షణాల్లో మొన నీలానికి వెళ్లిపోతుందని, అప్పటిదాకా కొలిమి దగ్గర పెట్టిన పదునంతా పోతుందని ఆ సబ్బుల మనిషికి ఎలా తెలుస్తుంది? నాకే తెలీదు.

పన్నెండవడానికి పది నిమిషాల ముందు మేము మేనేజరు గదిలోకి వెళ్లాం. మావయ్య చేతిలో రెండు ఉలులు, ఆకురాయి. చీటీ నేను తప్పు చదివానని ముందుగా నేనే చెప్పాను. మేనేజరు పాపం నన్ను పెద్దగా ఏమీ అనలేదు. మావయ్య ఆకురాయితో ఆడించి చూపిస్తుంటే గోడ గడియారం వైపు చూస్తూ విన్నాడు. నీళ్ల సంగతి వచ్చేసరికి కుర్చీలో సర్దుకున్నాడు.

"సరేనండి, చూద్దాం. ఏదైతేనేం, వాళ్లకి మన మీద నమ్మకం పోకూడదు. ఒక క్షమాపణైతే పంపాలి. కోపమని కాకుండా పనిలో లోపం జరిగిందని మార్చి రాయించుకుని సంతకం పెట్టెయ్యండి. ఏదో ఒకటి, మీకేం పోయింది?"

మావయ్య చేతిలో ఉలి బల్ల మీద పెట్టాడు. పెట్టలేదు, కొట్టాడు.

"నాకేం పోయిందా? కోప్పడ్డానన్నారు. పడ్డాను. రెండు రోజులు ఇంటింటికీ తిరిగి, ఎవరినన్నానో చెప్పండని అడుక్కున్నాను. కోపం నాది, పోతే నాది పోతుంది. ఉందో లేదో నాకే తెలీదు కాబట్టి ఒప్పుకుందామనుకున్నాను. పదును నాది కాదు, ఉలిది. అది పోయింది నా చేతుల్లో కాదు, నీళ్లు కట్టేసిన చేతుల్లో. ఇరవై ఆరేళ్లు ఆ గోనెపట్టా వెనక కళ్లు మండించుకుని పెట్టిన పదును, ఏదో ఒకటా? సంతకం పెట్టెయ్యాలా? నేను పెట్టను. ప్యాకింగులో వెయ్యండి, బయటికి పొమ్మనండి, పెట్టను."

మావయ్య అరుస్తున్నాడు. అంత గొంతు ఆయన దగ్గర ఉందని నాకు తెలీదు, ఆయనకీ తెలిసినట్టు లేదు. కిటికీ దగ్గర ప్యాకింగు వాళ్లు గుమిగూడారు. సరిగ్గా అప్పుడే పన్నెండింటి భోజనాల గంట మోగింది.

మేనేజరు మొహం కందిపోయింది. ఆ కందిన మొహంతోనే ఉలి చేతిలోకి తీసుకున్నాడు, ఆకురాయి తీసుకున్నాడు. తనే మొన మీద ఒకసారి, వెనక ఒకసారి ఆడించాడు. రెండోసారి జారిపోతుంటే మళ్లీ ఆడించి చూశాడు. తర్వాత లేచి, మమ్మల్ని దాటుకుని సాన గదిలోకి వెళ్లి, చక్రం మీది నీళ్ల కుళాయి తన చేత్తోనే తిప్పాడు. తిరిగొచ్చి, "మెమో చించెయ్యండి" అని నాతో అన్నాడు. "వాళ్లకి నేను రాస్తాను, నీళ్లు కట్టేసింది నేనేనని. గురువారం నుంచి సాన పట్టినవన్నీ వెనక్కి తీసి, మళ్లీ పదును పెట్టాలి. ఆ పని..." అని ఆగి మావయ్య వైపు చూశాడు. "మీరు తప్ప ఎవరు చేస్తారు."

మావయ్య నావైపు తిరిగాడు.

"ఆ కాగితం ఏదీ?"

"ఏ కాగితం మావయ్యా?"

"నిన్న రాయించాను కదా, క్షమాపణ."

"దాంతో ఇంకేం పని? నువ్వేమీ అనలేదని తేలిపోయింది కదా."

"నిన్న అది అబద్ధం. ఇప్పుడు నిజమైంది. తీసుకురా."

తెచ్చాను. బల్ల మీద పరిచి, నా పెన్ను అడిగి తీసుకున్నాడు. "శుక్రవారం" అన్న చోట కొట్టేసి పైన "బుధవారం" అని రాశాడు. మిగతాదంతా ఒకసారి చదివాడు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు, కోపంతో మాట తూలాను, మనిషిని నొప్పించాను. ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేకపోయింది. కింద సంతకం పెట్టి, రెండు చేతులతో మేనేజరుకి ఇచ్చాడు. ఆయన లేచి నిలబడి తీసుకున్నాడు.

మావయ్య కొలిమి రాజెయ్యడానికి వెళ్లిపోయాడు. నిఘంటువు నా బల్ల మీదికి వచ్చింది. కిటికీకి ఇటుక పెట్టుకున్నాను.

సాయంత్రం మావయ్య ఇంకా రాకముందే నేను అత్త దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. అంతా విని, ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "గట్టిగానే అరిచాడా?" అని అడిగింది.

"ప్యాకింగు దాకా వినపడింది అత్తా."

"ఇరవై తొమ్మిదేళ్లు ఎదురుచూశానే" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ. "తీరా వచ్చిన రోజున నేను లేకపోయాను."